హెచ్చరిక: ఐరిష్ పబ్‌లో కుటుంబంతో భోజనమా? మెనూలో పేరు చూసి ఆర్డర్ ఇవ్వకండి

న్యూజెర్సీ అనండి, టెక్సస్ అనండి, అమెరికాలో మనవాళ్లుండే ఊళ్లలో ఎక్కడో ఒకచోట ఒక ఐరిష్ పబ్ కనిపిస్తుంది. ఆకుపచ్చ బోర్డు, చెక్క బల్లలు, గోడ మీద టీవీలో ఆట, పిల్లలకు వేరే మెనూ. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడో, ఆఫీసులో ఎవరికో వీడ్కోలు పార్టీ ఇచ్చేటప్పుడో అక్కడికి వెళ్లడం మామూలైపోయింది. ఈ హెచ్చరిక ఏ ఒక్క పబ్ గురించీ కాదు. బీఫ్ తిననివాళ్లు, శాకాహారులు, ఎనిమిది పదిమంది కలిసి వెళ్లేవాళ్లు ఇలాంటి చోట్ల ఎప్పుడూ ఒకే రెండు విషయాల్లో దెబ్బతింటున్నారు. ప్లేటులో ఏం కలిసిందో అడగరు. బిల్లులో ఏం కలిపారో చూడరు. రెండింటికీ కారణం మన మొహమాటమే.

ముందు ప్లేటు సంగతి. షెపర్డ్ అంటే గొర్రెల కాపరి కాబట్టి షెపర్డ్స్ పైలో ఉండేది గొర్రె మాంసమేనని ధైర్యంగా ఆర్డర్ ఇచ్చేస్తారు. బ్రిటన్, ఐర్లండ్‌లలో ఆ మాటకు కొంత విలువుంది. గొర్రె కీమాతో చేస్తే షెపర్డ్స్ పై, బీఫ్ కీమాతో చేస్తే కాటేజ్ పై అంటారు. అమెరికా పబ్బుల్లో ఈ తేడా చాలామంది పట్టించుకోరు. ఇక్కడ గొర్రె కీమా ఖరీదెక్కువ, బీఫ్ చవక, పేరు మాత్రం షెపర్డ్స్ పైనే. కొన్నిచోట్ల రెండూ సగం సగం కలుపుతారు. పైన అంగుళం మందాన ఆలుగడ్డ ముద్ద, దాని మీద ఎర్రగా కాలిన చీజ్, కింద గోధుమరంగు గ్రేవీలో కీమా, బఠానీ, క్యారట్. చూసినా తేడా తెలియదు. ఉల్లిపాయ, థైమ్, వూస్టర్‌షైర్ సాస్ వేసి ఉడికిస్తారు కాబట్టి అలవాటు లేనివాళ్లకు రుచిలోనూ పట్టుబడదు. గొర్రె కీమానే వాడినా దాని గ్రేవీ బీఫ్ స్టాక్‌తో, అంటే బీఫ్ ఎముకలు ఉడికించిన నీళ్లతో, చేసి ఉండవచ్చు. అందుకే ఒక ప్రశ్న సరిపోదు. మాంసం గొర్రెదా బీఫా, గ్రేవీలో స్టాక్ ఏది, ఈ రెండూ అడగాలి. సర్వర్ "ఐ థింక్ ఇట్స్ ల్యాంబ్" అంటే అది జవాబు కాదు. కిచెన్‌లో కనుక్కుని రమ్మనండి. రోజుకు పదిమంది అడిగే ప్రశ్నే, వాళ్లేమీ అనుకోరు.

పేరులో మాంసం మాటే లేని వంటకాలు ఇంకా ప్రమాదం. ఐరిష్ ఎగ్ రోల్స్ అని ఉంటుంది. మన చైనీస్ హోటళ్ల ఎగ్ రోల్ గుర్తొచ్చి క్యాబేజీ, గుడ్డు అనుకుంటారు. లోపల ఉండేది కార్న్‌డ్ బీఫ్, క్యాబేజీ, స్విస్ చీజ్. రూబెన్ అన్న పేరుతో కనిపించేవాటిలోనూ మామూలుగా కార్న్‌డ్ బీఫే ఉంటుంది. ఆ పేరులోని కార్న్‌కు మొక్కజొన్నతో సంబంధం లేదు. మాంసాన్ని ఊరబెట్టే ఉప్పు రాళ్లను ఒకప్పుడు అలా అనేవారు. బ్రిస్కెట్ అనే బీఫ్ ముక్కను రోజుల తరబడి ఉప్పునీళ్లలో ఊరేసి ఉడికిస్తారు. ఐర్లండ్‌లో క్యాబేజీతో తినేది ఎక్కువగా పంది మాంసమే. న్యూయార్క్ చేరిన ఐరిష్ వలసజనం అక్కడి యూదు కసాయి కొట్లలో దొరికిన బ్రిస్కెట్‌కు అలవాటు పడ్డాక ఈ వంటకం ఐరిష్ పబ్ మెనూల్లో స్థిరపడింది. ఐరిష్ నాచోస్ అంటే చిప్స్ బదులు ఆలుగడ్డ ముక్కలు, పైన చీజ్‌తో పాటు బేకన్, అంటే ఊరబెట్టిన పంది మాంసం, ముక్కలు. బ్యాంగర్స్ అంటే పంది సాసేజ్‌లు. ఐరిష్ బ్రేక్‌ఫాస్ట్‌లో వచ్చే బ్లాక్ పుడింగ్ మిఠాయి కాదు, పంది రక్తం, కొవ్వు, ఓట్స్ కలిపి చేసిన సాసేజ్. వైట్ పుడింగ్‌లో రక్తం ఉండదు కానీ పంది మాంసం, కొవ్వు ఉంటాయి. పుడింగ్ అన్న మాట చూసి పిల్లల కోసం చెప్పేవాళ్లుంటారు, ఇది గుర్తుపెట్టుకోండి.

శాకాహారులైతే ఇంకో మెట్టు జాగ్రత్త. పొటాటో లీక్ (ఉల్లికాడ లాంటిది) సూప్ తెల్లగా, మెత్తగా, పాలూ ఆలుగడ్డా తప్ప ఏమీ లేనట్టు కనిపిస్తుంది. చాలా కిచెన్లలో దానికి ఆధారం చికెన్ స్టాక్. మ్యాష్‌డ్ పొటాటో శాకాహారమే, కానీ దాని మీద పోసి తెచ్చే గిన్నెస్ (ఐరిష్ నల్ల బీరు) గ్రేవీలో మామూలుగా బీఫ్ స్టాక్ ఉంటుంది. కాల్కానన్ అంటే ఆలుగడ్డలో క్యాబేజీ గానీ కేల్ ఆకు గానీ కలిపిన ముద్ద. కొందరు అందులో బేకన్ వేస్తారు. వూస్టర్‌షైర్ సాస్‌లో ఆంకోవీ చేపలుంటాయి. కర్రీ చిప్స్ అనగానే మన కూర అనుకోవద్దు. పొడి కలిపి చిక్కగా చేసే ఆ సాస్‌లోనూ చికెన్ స్టాక్ ఉండే అవకాశముంది. ఇక ఫ్రైస్. ఒకే ఫ్రయ్యర్‌లో చికెన్ వింగ్స్, చేప, ఐరిష్ ఎగ్ రోల్స్, ఫ్రైస్ అన్నీ వేయడం మామూలు. పైగా 2025 నుంచి అమెరికాలో కొన్ని రెస్టారెంట్లు వెజిటబుల్ ఆయిల్ మానేసి మళ్లీ టాలో, అంటే బీఫ్ కొవ్వు, వాడటం మొదలుపెట్టాయి. ఫ్రైస్ ఏ నూనెలో వేస్తారు, ఆ ఫ్రయ్యర్‌లో ఇంకేం వేస్తారు అని అడక్కుండా శాకాహారికి ఫ్రైస్ తెప్పించొద్దు.

ఇక్కడే ఒక ముఖ్యమైన చిక్కుంది. సర్వర్‌ను అడిగితే అలర్జీ చార్టు తెచ్చి చూపిస్తారు. అందులో బీఫ్ గడి కనిపించదు కదా అని నిశ్చింతపడతారు. అమెరికా చట్టం ప్రధాన అలర్జీ పదార్థాలుగా గుర్తించేవి తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్య పీత జాతి, బాదం జీడిపప్పు లాంటి చెట్టు గింజలు, వేరుశనగ, గోధుమ, సోయా, 2023 నుంచి నువ్వులు. బీఫ్, పోర్క్, చికెన్ ఈ జాబితాలోనే లేవు. ఆ చార్టు అందుకోసం తయారైంది కాదు. అలాగే "డజ్ ఇట్ హావ్ మీట్?" అని అడిగితే "నో" అంటారు, అబద్ధమాడి కాదు, అందులో మాంసం ముక్కలు లేవని వాళ్ల ఉద్దేశం. మీరు అడగాల్సిన మాటలు స్టాక్, బ్రాత్, గ్రేవీ, ల్యార్డ్ (పంది కొవ్వు), టాలో. ఈ అయిదు మాటలు ఫోన్‌లో రాసిపెట్టుకోండి. వెళ్లేరోజు మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య, రద్దీ లేనప్పుడు పబ్‌కు ఫోన్ చేసి అడిగితే ఇంకా మంచిది. రాత్రి ఏడున్నరకు కిచెన్‌లో ఎవరికీ ఊపిరి సలపదు.

చేప తినేవాళ్లకు ఫిష్ అండ్ చిప్స్ మంచి దారే. బంగారు రంగులో, గట్టిగా పొంగిన పూత ఉండాలి. పూత ముదురు గోధుమరంగుకు తిరిగి, చేదు వాసన వస్తే నూనె పాతది, వెనక్కి పంపేయండి. ఆ పూత మైదాతో చేస్తారని గోధుమ పడనివాళ్లు, అందులో బీరు కలుపుతారని మద్యం ముట్టనివాళ్లు ముందే తెలుసుకోవాలి. మద్యం మాట వచ్చింది కాబట్టి డెజర్ట్‌లు కూడా: బ్రెడ్ పుడింగ్ మీద పోసే విస్కీ సాస్, బెయిలీస్ (విస్కీ, మీగడ కలిపిన మద్యం) చీజ్‌కేక్ వంటి వాటిలో మద్యం పూర్తిగా ఆవిరి కాదు, కొన్ని సాసుల్లో పొయ్యి దించాకే కలుపుతారు. పిల్లల ముందు పెట్టేముందు అడగండి. సోడా బ్రెడ్ మాత్రం మైదా, మజ్జిగ, సోడా, ఉప్పుతో చేసేదే, ఈస్ట్ ఉండదు. ఇక్కడివాళ్లు ఎండుద్రాక్ష, గుడ్డు కూడా వేస్తారు, గుడ్డు తిననివాళ్లు అది ఒక్కటి కనుక్కుంటే చాలు.

వేడి గురించి ఒక మాట. షెపర్డ్స్ పై, స్టూ, కార్న్‌డ్ బీఫ్ అప్పటికప్పుడు వండేవి కావు. పెద్ద పాత్రల్లో వండి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, అడిగినప్పుడు వేడిచేస్తారు. పై మీద చీజ్ బుడగలు కడుతున్నా నడిమధ్య చల్లగా ఉండవచ్చు. చెంచా మధ్యలో అడుగుదాకా దింపి తీసి చూడండి, పొగ రాకపోతే తినకుండా వెనక్కి పంపండి. అమెరికా ఆహార నియమావళి ప్రకారం వేడిగా నిల్వ ఉంచే వంటకం 135 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గకూడదు. చల్లార్చినదాన్ని అలా నిల్వ ఉంచడానికి మళ్లీ వేడిచేస్తే 165కు చేరాలి. ఇది కాగితం మీది నియమం కాదు. 1993లో మార్చి 17న వచ్చే ఐరిష్ పండుగ సెయింట్ పాట్రిక్స్ డే భోజనాల్లో పెట్టిన కార్న్‌డ్ బీఫ్ తిని ఒహైయో, వర్జీనియాల్లో జనం జబ్బుపడ్డారు. కారణం క్లాస్ట్రిడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా. దీని బీజాలు ఉడికించినా చావవు. పెద్ద మాంసం ముద్ద మెల్లగా చల్లారుతున్నంతసేపూ లోపల మొలకెత్తి పెరుగుతాయి, మళ్లీ గోరువెచ్చగా చేసి వడ్డిస్తే కడుపులోకి చేరతాయి. కాబట్టి మార్చి 17న, ఆ ముందు వెనక వారాంతాల్లో, పెద్దవాళ్లను తీసుకుని పబ్ భోజనానికి వెళ్లకపోవడమే మేలు. ఆ రోజుల్లో మెనూ కుదించేస్తారు, కొన్నిచోట్ల లోపలికి రావడానికే డబ్బు అడుగుతారు, వంటంతా ముందే చేసి ఉంచింది.

బీరు విషయం క్లుప్తంగా. అమెరికా పైంట్ 16 ఔన్సులు, ఐర్లండ్ పైంట్ 20. అడుగు మందంగా ఉండే గ్లాసుల్లో 14 ఔన్సులే పట్టినా పైంట్ అనే అమ్ముతారు. అర అంగుళం నురగ ఎక్కువైతే రెండు ఔన్సులకు పైగా పోయినట్టే. గిన్నెస్‌ను ఒక్కసారిగా నింపేసి ఇస్తే అది సరైన పద్ధతి కాదు, ముప్పాతిక నింపి, ఆగి, నల్లబడ్డాక మిగతాది నింపాలి. గ్లాసు గోడలకు బుడగలు అతుక్కుని ఉంటే గ్లాసు సరిగా కడగలేదు. గొట్టాల్లోంచి పోసే ఏ డ్రాఫ్ట్ బీరైనా వెన్న వాసనో వెనిగర్ వాసనో కొడితే గొట్టాలు కడగలేదు, వాటిని రెండు వారాలకోసారి శుభ్రం చేయాలి. మార్పించుకోండి. బీరును తేటపరచడానికి వాడే, చేపల నుంచి తీసే ఐసిన్‌గ్లాస్ గురించి అడిగేవాళ్లకు: గిన్నెస్ దాన్ని వాడటం మానేసింది.

ఇప్పుడు బిల్లు. న్యూజెర్సీలో ఎనిమిదిమంది తిన్నారనుకోండి, తిండీ తాగుడూ కలిపి 240 డాలర్లు. అమ్మకపు పన్ను 6.625 శాతం, అంటే 15.90. ఆరుగురో ఎనిమిదిమందో అంతకు మించో ఉంటే 18 శాతం గ్రాట్యుటీ, అంటే సర్వర్ టిప్, తామే కలుపుతామని మెనూ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది 43.20. మొత్తం 299.10. క్రెడిట్ కార్డు ఇస్తే 3 శాతం సర్‌చార్జ్ (కార్డు వాడినందుకు అదనపు రుసుము), ఇంకో 8.97. అయ్యింది 308.07. కార్డు గీసి తెచ్చిన చీటీలో మళ్లీ "టిప్" అని ఖాళీ గీత ఉంటుంది. పక్కనే 18, 20, 22 శాతం లెక్కలు అచ్చువేసి ఉంటాయి. కబుర్లలో పడి 20 శాతం, అంటే 48 డాలర్లు రాసేస్తే మొత్తం 356.07. టిప్ రెండుసార్లు ఇచ్చినట్టు, కలిపి 91.20, తిన్నదాని మీద 38 శాతం. ఎవరూ మోసం చేసినట్టు కాదు, మీ చేత్తో మీరే రాశారు కాబట్టి తర్వాత అడిగినా వెనక్కి రావడం కష్టం.

అందుకని సంతకం పెట్టేముందు కార్డు చీటీ కాదు, ఐటెమ్‌ల వారీ బిల్లు అడిగి చూడండి. గ్రాట్యుటీ, సర్వీస్ చార్జ్, అడ్మిన్ ఫీ అన్న మాటల కోసం వెతకండి. గ్రాట్యుటీ ఉంటే టిప్ గీత మీద అడ్డంగా కొట్టేసి, మొత్తం మీరే అంకెల్లో రాసి, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. బ్యాంకు యాప్‌లో మొదట టిప్ లేని మొత్తం కనిపిస్తుంది, అసలు మొత్తం రెండు మూడు రోజులకు వస్తుంది, అప్పుడు ఆ ఫొటోతో సరిచూసుకోవాలి. బిల్లు నలుగురికి విడదీయిస్తే అచ్చువేసిన టిప్ లెక్కలు మీ వాటా మీద కాకుండా మొత్తం బిల్లు మీద ఉండొచ్చు, శాతం మీరే వేసుకోండి. సర్‌చార్జ్ డెబిట్ కార్డుకు వేయకూడదన్నది కార్డు కంపెనీల నియమం. న్యూజెర్సీలో 2023 చట్టం ప్రకారం తమకు అయిన ఖర్చుకు మించి వసూలు చేయకూడదు, ముందే తెలిసేలా బోర్డు పెట్టాలి. హ్యాపీ అవర్ (సాయంత్రం తగ్గింపు వేళ) ధరలు చాలాచోట్ల బార్ దగ్గర కూర్చున్నవాళ్లకే, టేబుల్‌కు వర్తించవు. బార్‌లో కార్డు ఇచ్చి ట్యాబ్, అంటే చివర్లో కట్టే ఖాతా, తెరిస్తే వెళ్లేముందు గుర్తుపెట్టుకుని మూయించండి, మరిచిపోతే కొన్నిచోట్ల వాళ్లే టిప్ కలిపి మూసేస్తారు.

టిప్ ఎగ్గొట్టమని మాత్రం దీని అర్థం కాదు. టిప్ తీసుకునే ఉద్యోగికి ఇవ్వాల్సిన ఫెడరల్ కనీస వేతనం 1991 నుంచి గంటకు 2.13 డాలర్ల దగ్గరే ఆగిపోయింది, టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో ఇప్పటికీ అదే. గ్రాట్యుటీ కలపకపోతే పన్నుకు ముందు మొత్తం మీద 18 నుంచి 20 శాతం ఇవ్వండి. కిచెన్ చేసిన తప్పుకు సర్వర్ టిప్ కోయకండి, మేనేజర్‌ను పిలిపించండి.

చెప్పిన తర్వాత కూడా బీఫ్ వడ్డిస్తే ఆ ప్లేటు కదిలించకుండా మేనేజర్‌ను అక్కడికే పిలవండి. ఆర్డర్‌లో "నో బీఫ్" అని రాశారో లేదో వాళ్ల సిస్టమ్‌లో ఉంటుంది, చూపించమనండి. బిల్లులో ఆ వంటకం తీసేయించండి. కార్డులో రాసినదానికంటే ఎక్కువ పడితే ముందు పబ్‌కు ఫోన్ చేయండి, తేలకపోతే స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు క్రెడిట్ కార్డు బ్యాంకుకు ఫొటోతో సహా రాతపూర్వకంగా ఫిర్యాదు పంపాలి. తిన్న ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు మొదలై, కలిసి తిన్నవాళ్లలో ఇంకొకరికి కూడా అలాగే ఉంటే కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌కు చెప్పండి. ఏం తిన్నారో, ఎన్ని గంటలకో రాసుకోండి, బిల్లు కాపీ దాచండి, ఇంటికి తెచ్చుకున్న డబ్బాలో మిగిలినది ఉంటే పారేయకుండా ఫ్రిజ్‌లో పెట్టి ఉంచండి. పెద్దవాళ్లకు ముందు ఓఆర్ఎస్ పట్టించండి, తాగింది నిలవకపోతే అర్జెంట్ కేర్‌కు తీసుకెళ్లండి, ఫిర్యాదు మర్నాడైనా చేయవచ్చు.