మోగుల్స్‌లో ఏ దారి మేలు: దిబ్బ మీదుగానా, చుట్టూ తిరిగా, నేరుగా గాడిలోనా?

మోగుల్స్ అంటే స్కీ వాలు మీద అందరూ తిరిగిన చోటల్లా ఏర్పడే మంచు దిబ్బలు, వాటి మధ్య పల్లాలే గాడులు. వీటిలో తడబడేవాళ్ళు చాలామంది కాళ్ళలో బలం చాల్లేదనో, స్కీలు మార్చాలనో అనుకుంటారు. నన్నడిగితే ముందు మార్చాల్సింది దిగే దారి.

దారి ఎంచుకునే ముందు మంచు ఎక్కడుందో చూడండి. దిబ్బ దాటగానే అందరూ కంగారుపడి బ్రేక్ వేస్తారు, దాంతో దిబ్బ దిగువ వైపు మంచు గీక్కుపోయి గట్టిపడుతుంది, ఆ గీకిన మంచంతా వెళ్ళి కింద ఉన్న దిబ్బ ఎగువ వైపు మెత్తగా పేరుకుంటుంది. (ఇలా రోజూ జరిగీ జరిగీ సీజన్ గడిచేకొద్దీ దిబ్బలే మెల్లగా కొండ పైకి జరుగుతాయి, మనం కిందికి, అవి పైకి!) అంటే మనం సహజంగా ఎక్కడ ఆగాలని చూస్తామో అక్కడే పట్టు తక్కువ.

మొదటి దారి, దిబ్బ నెత్తి మీద తిరగడం. అక్కడ స్కీల ముందు కొనలూ వెనక కొనలూ గాల్లో ఉంటాయి, బూటు కింది భాగమే మంచుకు ఆనుతుంది, కాబట్టి పాదం తిప్పితే చాలు, స్కీ ఇట్టే తిరుగుతుంది. తర్వాత పక్కకు జారుతూ దిగడమే. కొత్తవాళ్ళకు ఇంతకంటే తేలికైనది లేదు. చిక్కల్లా ఏంటంటే, ఆ జారేది గీక్కుపోయిన వైపే, ఉదయం పూట అది ఐస్‌లా ఉంటే స్పీడు చేతిలో ఉండదు.

రెండోది గాడి బయటి గట్టు మీదుగా గుండ్రంగా తిరిగి రావడం. దారి పొడవు, అందుకే స్పీడు తక్కువ. మెత్తటి మంచు మీద తిరుగుతారు, దెబ్బ నేరుగా తగలదు, తర్వాతి దిబ్బ చూసుకోడానికి టైం దొరుకుతుంది. చూడ్డానికి గొప్పగా ఉండదు, ఒప్పుకుంటా. కానీ మలుపును తొందరపడి కోసేయకుండా పూర్తి చేయడం వచ్చేది ఇక్కడే.

ఇక మూడోది, అందరికీ మోజున్న జిప్పర్ లైన్. గాడుల వెంట తిన్నగా కిందికి. ఒలింపిక్స్‌లో కెనడా మోగుల్స్ ఛాంపియన్ మికాయెల్ కింగ్స్‌బరీ లాంటి వాళ్ళను చూసి అదే అసలైన మోగుల్ స్కీయింగ్ అనుకుంటాం. అయితే పోటీలో 100 పాయింట్లలో 60 మలుపులకు, 20 జంప్‌లకు, 20 స్పీడుకు. వాళ్ళు తిన్నగా దిగేది ఆ మార్కుల కోసం, పైగా వాళ్ళ ట్రాక్ మీద దిబ్బలు వరుసగా, ఒకే దూరంలో తయారు చేసి ఉంటాయి. మామూలు కొండ మీద ఒక దిబ్బ చిన్నది, పక్కది రెండింతలు, మధ్యలో ఎవరో పడిపోయిన గుంట.

ఈ దారిలో పని అంతా మోకాళ్ళదే. దిబ్బ తగిలే క్షణానికి కాళ్ళు మడుచుకుంటూ ఉండాలి, తగిలాక మడిస్తే అప్పటికే వెనక్కి విసిరేస్తుంది. ఇది చాలామందికి తెలుసు. మర్చిపోయేది రెండో సగం: శిఖరం దాటగానే స్కీ ముందు కొనల్ని కిందికి నొక్కుతూ కాళ్ళు మళ్ళీ చాపాలి. చాపకపోతే తర్వాతి దిబ్బకు మడవడానికి కాళ్ళలో ఏమీ మిగలదు, నాలుగో దిబ్బకల్లా కుర్చీలో కూర్చున్నట్టు వెనక్కి వాలిపోతారు. చేతిలోని కర్ర (పోల్) ముందుగానే దిగువకు గుచ్చాలి, చేతులు కంటికి కనబడుతుండాలి. ఇది మూడు దారుల్లోనూ అంతే.

నా ఓటు రెండోదానికే. స్కీ తిప్పడం ఇంకా భయంగా ఉంటే కొన్నాళ్ళు దిబ్బ నెత్తి మీద సాధన చేయండి, అక్కడే ఉండిపోకండి. బయటి గట్టు మీద ఎక్కడ కావాలంటే అక్కడ ఆగగలుగుతున్నారంటే, మంచు మెత్తబడిన మధ్యాహ్నం చూసుకుని మూడు నాలుగు దిబ్బలు తిన్నగా దిగి పక్కకు వచ్చేయండి, ఒకేసారి వాలంతా కాదు. మోకాలు నొప్పి ఉన్నవాళ్ళు మాత్రం జిప్పర్ లైన్ జోలికి పోకపోవడమే మంచిది, గుండ్రటి దారిలోనూ సరదాకేం లోటు లేదు.