కస్టర్ దళం నడిచిన దారిలో: మాండన్ నుంచి లిటిల్ బిగ్‌హార్న్ దాకా

ఎల్లోస్టోన్ వెళ్తూ దారిలో ఓ గంట ఆగి లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిని చూసేవాళ్లే ఎక్కువ. 1876లో అమెరికా సైన్యపు ఏడో అశ్వికదళం లకోటా, షయాన్ తెగల చేతిలో ఓడిపోయి, దాన్ని నడిపిన కస్టర్ చనిపోయింది అక్కడే. మేం మాత్రం ఆ దళం బయల్దేరిన చోటి నుంచే మొదలుపెట్టాం. వరంగల్ నుంచి వచ్చిన నాన్న, నేను. మినియాపొలిస్‌లో బయల్దేరి మొదటి రాత్రి నార్త్ డకోటాలోని బిస్మార్క్‌లో పడుకున్నాం.

మర్నాడు పొద్దున్నే మాండన్ ఊరి పక్కనున్న ఫోర్ట్ అబ్రహాం లింకన్ స్టేట్ పార్క్. కస్టర్ ఇల్లు 1989లో మళ్లీ కట్టింది. గైడ్లు అప్పటి సిపాయిల బట్టల్లో, మనమూ ఆ కాలంలోనే ఉన్నట్టు మాట్లాడుతూ గదులన్నీ చూపిస్తారు. నా మనసు మాత్రం దగ్గర్లోని మాండన్ తెగవాళ్ల మట్టి ఇళ్ల దగ్గరే ఉండిపోయింది. సైన్యం కోట కట్టడానికి దాదాపు తొంభై ఏళ్ల ముందే, 1781లో మశూచి వచ్చి ఆ ఊరు ఖాళీ అయిపోయింది. ఇక్కడికి సగం రోజు పెట్టుకోండి.

మే 17న జనరల్ టెర్రీ కింద సుమారు 1,200 మంది, 150 బండ్లు ఇక్కడి నుంచి పడమరకి కదిలాయి. బ్యాడ్‌లాండ్స్ అనే ఎగుడుదిగుడు మట్టికొండల ప్రాంతం చేరడానికి వాళ్లకి పదిరోజులు పైనే పట్టింది. మేం రెండు గంటల్లో అక్కడి చిన్న ఊరు మెడోరాలో ఉన్నాం. "ఇంత దూరం ఎందుకెళ్లార్రా వీళ్లు?" అని నాన్న అడిగారు. 1868 ఒప్పందంలో లకోటాలకి రాసిచ్చిన బ్లాక్ హిల్స్‌లో 1874లో బంగారం బయటపడటం, 1876 జనవరి 31 లోపు ఏజెన్సీలకి (తెగలకి కేటాయించిన ప్రాంతాల్లోని ప్రభుత్వ కార్యాలయాలకి) రాకపోతే శత్రువులేనని ప్రభుత్వం గడువు పెట్టడం చెప్పాను. ఆ తర్వాత చాలాసేపు ఆయన మాట్లాడలేదు.

మెడోరాలో బస ఖరీదే, కానీ రాత్రి ఆకాశం కోసమైనా ఉండాలి. అక్కడికి దగ్గర్లో ఇనీషియల్ రాక్ ఉంది. ఇద్దరు సిపాయిలు 1876 మే 28న దానిమీద పేర్లు చెక్కుకున్నారు. మట్టిరోడ్డు, వానపడితే వెళ్లొద్దు. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించింది ఆ రాయే. ఇంకాస్త పడమరకి వెళ్లాక జూన్ మొదట్లో మంచు కురిసి దళం ఆగిపోయింది. పౌడర్ నది దగ్గర బండ్లు, బ్యాండు, కత్తులు వదిలేసి ముందుకెళ్లారు.

మోంటానాలో హైవే దిగి, రోజ్‌బడ్ వాగు పక్కన లేమ్ డీర్ మీదుగా వెళ్లండి. పెట్రోలు ముందే నింపుకోండి, సిగ్నల్ ఉండదు. మేం దారిపొడవునా పులిహోర, పెరుగన్నంతో నెట్టుకొచ్చాం. హార్డిన్‌లో దిగిన మోటెల్‌లో ఏసీ పనిచేయలేదు. గది మార్చమన్నా మార్చలేదు. నాన్నకి నిద్రలేక నాకు ఒకటే టెన్షన్. డబ్బు కట్టేముందు గది చూసుకోండి.

యుద్ధభూమికి పొద్దున్నే వెళ్లాలి. నీడ లేదు, గడ్డిలో పాములుంటాయి కాబట్టి కాలిబాట దిగొద్దు. సిపాయిలు పడిన చోట తెల్లరాళ్లు ఉన్నాయి. లకోటా, షయాన్ వీరుల ఎర్రరాళ్లు 1999 నుంచే వచ్చాయి, వాళ్ల స్మారకం 2003లో. ఆలస్యమే. చాలామంది కొండమీద ఫొటో దిగి వెనక్కి తిరుగుతున్నారు. మీరు క్రో తెగ గైడ్లు నడిపే బస్సు ఎక్కండి, లేదా దళంలో మిగిలిన సిపాయిలు ముట్టడిలో తలదాచుకున్న రీనో–బెంటీన్ కొండ దాకా నాలుగున్నర మైళ్లు కారులో వెళ్లండి. అక్కడి నుంచి కింద నది, లకోటా, షయాన్ శిబిరాలున్న లోయ కనిపిస్తాయి. జూన్ 25న ఆ గుడారాల్లో ఆడవాళ్లు, పిల్లలు ఉన్నారు. నాన్న అక్కడ చెప్పులు విడిచి నిలబడ్డారు.