ఫాసెలిస్‌కి పడవ టూర్‌లో వెళ్లకండి

టర్కీలో అంటాల్యా నగరం నుంచి తీరం వెంట కెమెర్ ఊరు దాటాక వస్తుంది ఫాసెలిస్, సముద్రం ఒడ్డున శిథిలమైన ప్రాచీన నగరం. నేనూ నాన్నా ఒకే వారంలో అక్కడికి రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి డబ్బు దండగ. రెండోసారి సాయంత్రం దాకా కదల్లేదు.

మొదటిసారి పడవ టూర్. మిట్టమధ్యాహ్నం దింపి, 45 నిమిషాల్లో వచ్చేయమన్నారు. రేవులో అప్పటికే ఐదారు పడవలున్నాయి, ఒక్కోదాంట్లో ఒక్కో పాట. మోకాళ్ల నొప్పులతో నాన్న థియేటర్ మెట్ల దగ్గరికి చేరేసరికి హారన్ కొట్టేశారు.

రెండు రోజులాగి డోల్ముష్ ఎక్కాం. అక్కడి షేర్ మినీబస్సు అది. మెయిన్ రోడ్డు మీద దించేస్తుంది, లోపలికి పైన్ చెట్ల మధ్య నడవాలి. పొద్దున్నే కాబట్టి ఎండ తెలియలేదు. విదేశీయులకి టికెట్ తక్కువేమీ కాదు, కానీ ఇక్కడ రోజంతా ఉండొచ్చు.

రోడ్స్ ద్వీపం నుంచి వచ్చిన గ్రీకులు క్రీ.పూ. 7వ శతాబ్దంలో కట్టుకున్న ఊరిది. ఈ స్థలానికి బదులుగా బార్లీ రొట్టెలు కావాలా, ఎండు చేపలు కావాలా అని వాళ్లు అడిగితే, గొర్రెల కాపరి చేపలే అడిగాడని కథ. ఆ తర్వాత ఊరివాళ్లు ఏటా అతనికి ఎండు చేపలే నైవేద్యం పెట్టేవారట. చవక మొక్కుబడిని ‘ఫాసెలిస్ వాళ్ల నైవేద్యం’ అని వెక్కిరించేవారట కూడా. ఇది చెబితే నాన్న, “కొండ మీద గొర్రెలు కాసుకునేవాడు, చేప ఎప్పుడు తిన్నాడో పాపం! నేనైనా అదే అడిగేవాణ్ణమ్మా” అన్నారు.

ఊరికి మూడు రేవులు. రెండు రేవుల మధ్య తిన్నగా రాతి వీధి, 20 మీటర్ల పైనే వెడల్పు, అటూ ఇటూ మెట్లు. ఈ చివరా నీళ్లే, ఆ చివరా నీళ్లే. పక్కనే స్నానశాల ఉంది. నేల ఊడిపోవడంతో దాని కింద ఉండాల్సిన పొట్టి ఇటుక స్తంభాలు బయటపడ్డాయి. వాటి సందుల్లోంచి వేడిగాలి పోతే పైన గచ్చు వెచ్చబడేది. నేను పుస్తకంలో బొమ్మ చూసి ఎప్పుడూ అర్థం చేసుకోలేకపోయింది, ఇక్కడ వంగి చూడగానే అర్థమైంది.

దక్షిణపు రేవు వైపు, 2వ శతాబ్దంలో రోమన్ చక్రవర్తి హాడ్రియన్ రాకకోసం కట్టిన ద్వారం రాళ్లు నేలమీద పడి ఉన్నాయి. నాన్న ఒక దానిపక్కన కూర్చుని గ్రీకు అక్షరాల్లో వేలు పెట్టి చూశారు. గోరు దిగేంత లోతు, అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. చదవడం మా ఇద్దరికీ రాదు. అయినా ఒక్కో అక్షరం తడుముతూ అరగంట కూర్చున్నారు. మధ్యలో రేవులో పడవ హారన్ మోగితే ఉలిక్కిపడి లేవబోయి, మళ్లీ కూర్చున్నారు.

థియేటర్ చిన్నదే. పై వరసలో కూర్చుంటే ఎదురుగా 2,365 మీటర్ల తహ్తాలీ కొండ. అలెగ్జాండర్ క్రీ.పూ. 334-333 చలికాలంలో ఇక్కడ ఆగాడు, ఊరివాళ్లు బంగారు కిరీటం ఇచ్చారు. గ్రీకు పురాణ వీరుడు అకిలీస్ ఈటె ఇక్కడి ఎథీనా దేవత గుడిలో ఉండేదని కూడా పాతవాళ్లు రాశారు. ఇవన్నీ ముందే చదువుకుని వెళ్లండి, బోర్డులు చాలా తక్కువ. అర మార్కు అక్కడే కోశాను.

స్నానానికి దక్షిణపు రేవు మంచిది, ఇసుక ఉంటుంది. మధ్య రేవులో గులకరాళ్లు, చెప్పులు లేకపోతే కష్టం. కానీ నీళ్లలో తల ముంచితే పాత గోడ రాళ్లు కనిపిస్తాయి, నేనైతే అందుకోసమే కాళ్లు కోసుకున్నా సరే అనుకున్నాను.

ఐదుకి నాలుగున్నర. తాగే నీళ్లు మీరే మోసుకెళ్లండి, తిరిగి రోడ్డు దాకా నడిచే ఓపిక కూడా కాస్త మిగుల్చుకోండి.