కొన్న కాయిలా, చుట్టుకున్న కాయిలా: వేప్ ట్యాంకుకు ఏది మేలు?

సిగరెట్ మానాలని వేప్ (ఈ-సిగరెట్) పట్టినవాళ్ళకు మొదటి నెల లిక్విడ్ రుచులు చూడ్డంతోనే సరిపోతుంది. కాయిళ్ళ ఖర్చు కంటికి ఆనేది రెండో నెలలో. లిక్విడ్‌ను కాచి ఆవిరి చేసే, వైరూ దూదీ ఉన్న చిన్న భాగమే కాయిల్. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా వీధి చివరి షాపులో అయిదు కాయిళ్ళ పెట్టె 12 పౌండ్లు. ఒక్కోటి పది రోజులు రావాలి. నాకేమో తీపి లిక్విడ్లంటే మోజు. వాటిలో కలిపే సుక్రలోజ్ వేడికి మాడి, పాలు అడుగంటిన గిన్నెలా కాయిల్ చుట్టూ నల్లగా పేరుకుంటుంది. నాలుగో రోజుకల్లా మాడు రుచి. అయిదు కాయిళ్ళూ నెల తిరక్కుండానే చెత్తబుట్టలోకి.

దాంతో మూడు దారులూ తొక్కి చూశాను: కంపెనీ కాయిల్ కొనడం, అయిపోయిన కంపెనీ కాయిల్‌నే విప్పి మళ్ళీ చుట్టడం, మనమే చుట్టి బిగించుకునే ఆర్‌టీఏ ట్యాంకుకు మారడం.

రెండో దారి సంగతి ముందే తేల్చేస్తాను, ఎందుకంటే అందరికీ మొదట వచ్చే ఆలోచన అదే. కాయిల్ కింద ఉండే పిన్ను పీకి, రబ్బరు తీసి, పాత వైరూ దూదీ లాగేసి, కొత్తది పెట్టాలి. వైరు ఒక కాలు కాయిల్ లోహపు ఒంటికి తగలాలి, రెండోది పిన్నుకు తగలాలి, మధ్యలో రబ్బరు ఉండాలి. రెండు కాళ్ళూ కలిశాయంటే షార్టే. పాతకాలపు చిన్న ట్యాంకుల్లో 1.8 ఓమ్‌ల (కరెంటును అడ్డుకునే నిరోధం కొలత) కాయిళ్ళకు ఇది నడిచేది. ఇప్పుడొచ్చే మెష్ (చిల్లుల రేకు) కాయిళ్ళు విప్పడానికి చేసినవి కావు. ఓ ఆదివారం పూటంతా పట్టకారు, భూతద్దం పెట్టుకుని కూచుంటే మూడు తయారయ్యాయి, అందులో రెండు కారాయి. డబ్బు మిగుల్తుందని ఈ పనికి దిగొద్దు.

ఇక అసలు పోటీ కంపెనీ కాయిల్‌కూ ఆర్‌టీఏకూ మధ్యే.

కంపెనీ కాయిల్ గొప్పతనం ఒక్కటే, బుర్ర అక్కర్లేదు. స్క్రూలా తిప్పి బిగించి, లిక్విడ్ పోసి, పది నిమిషాలు నానబెడితే చాలు. నైట్ డ్యూటీలు చేసే మా రూమ్మేట్ ఇదే వాడతాడు. అతని చేత వైరు చుట్టించాలని నేనెప్పుడూ ప్రయత్నించలేదు. మెష్ కాయిల్ రుచి కూడా బాగుంటుంది: తీగ బదులు చిల్లుల రేకు కాబట్టి దూదికి ఎక్కువ మేర ఆనుకుని, వేడి సమానంగా పడుతుంది.

ఆర్‌టీఏలో రెండు స్క్రూలున్న చిన్న అరుగు లాంటిది ఉంటుంది. 3 మిల్లీమీటర్ల కడ్డీకి వైరు ఆరు చుట్లు చుట్టి, కాళ్ళు స్క్రూల కింద బిగించాలి. 26 గేజీ (తీగ మందం) కాంథాల్ అనే తీగ అయితే సుమారు 0.8 ఓమ్‌లు వస్తుంది. తక్కువ వాట్లలో బటన్ కొద్దికొద్దిగా నొక్కుతూ చూడాలి. కాయిల్ నడిమి నుంచి అంచులకు ఎర్రబారితే సరే. ఒక్కచోటే భగ్గుమంటే బటన్ వదిలేసి సెరామిక్ పట్టకారుతో చుట్లను మెల్లగా గీకి సర్దాలి.

వైరుల్లో నా ఓటు కాంథాల్‌కే. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన తీగ. గట్టిగా ఉంటుంది, చెప్పిన మాట వింటుంది. 80 శాతం నికెల్ ఉండే నైక్రోమ్ త్వరగా వేడెక్కుతుంది, కానీ నికెల్ పడనివాళ్ళు దాని జోలికి పోకూడదు. 316ఎల్ స్టీలు మామూలు వాట్లలోనూ, వేడి హద్దు దాటకుండా చూసే టెంపరేచర్ కంట్రోల్‌లోనూ పనిచేస్తుంది. అదే ఆరు చుట్లకు ఓమ్‌లు దాదాపు సగానికి పడతాయి. టైటానియం, స్వచ్ఛమైన నికెల్ తీగలు టెంపరేచర్ కంట్రోల్‌కే పరిమితం. వాటిని ఎర్రగా కాల్చకూడదు.

నిజానికి చేతి పనితనం తెలిసేది వైరులో కాదు, దూదిలో. కార్తీకమాసంలో వత్తులు చేస్తూ మా అమ్మమ్మ అనేది, "బిగించి చేశావంటే నూనె తాగదురా" అని. వేప్ వత్తికీ అదే లెక్క. దూది కాయిల్‌లోంచి లాగితే కాస్త పట్టుకుంటూ రావాలి, అంతే తప్ప కాయిల్ వంగిపోకూడదు. తోకలు కత్తిరించి, కొసలు దువ్వి, లిక్విడ్ దారుల్లో వదులుగా పడుకోబెట్టాలి. ఎక్కువైతే వత్తి ఎండి మాడుతుంది, తక్కువైతే కారి జేబు తడుస్తుంది. మొదటి నెలంతా నా జేబులు తడుస్తూనే ఉన్నాయి. మాడటాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వత్తి ఎండి వేడి మితిమీరితే గ్లిజరిన్ విరిగి అక్రోలిన్, ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి. గొంతు మండిన క్షణమే ఆపాలి.

ఖర్చు చూస్తే పోటీయే లేదు. ట్యాంకు 25 పౌండ్లు, పది మీటర్ల కాంథాల్ 4, దూది ప్యాకెట్ 4. ఒక కాయిల్‌కు ఏడున్నర సెంటీమీటర్ల వైరు పడుతుంది, అంటే ఒక్క చుట్టలో 130 కాయిళ్ళు. నాలుగైదు రోజులకోసారి దూది మార్చి, కాంథాల్‌ను పొడిగా కాల్చి, చల్లారాక కడిగితే అదే కాయిల్ నెల పైన వస్తుంది.

కంపెనీ కాయిల్‌కు నేను తలవంచేది భద్రత దగ్గర. దాని మీద ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. చుట్టుకునేవాడు ఆ లెక్క తానే వేసుకోవాలి. నిండా చార్జయిన బ్యాటరీ 4.2 వోల్టులు. 0.8 ఓమ్‌లకు అది 5 ఆంపియర్ల చిల్లర, వేప్‌లలో వేసే ఏ మంచి 18650 సైజు సెల్లైనా మోస్తుంది. పొగమేఘాల పిచ్చితో 0.15కు దించితే 28 ఆంపియర్లు. చాలామంది వాడే శాంసంగ్ 25ఆర్ సెల్లు హద్దే 20. రక్షణ సర్క్యూట్ లేని మెకానికల్ మాడ్ (బ్యాటరీ పెట్టే గొట్టం)లో ఇలాంటివి పెట్టడమంటే కొరివితో తల గోక్కోవడమే. సెల్లు పైతొడుగు చిరిగితే అది పనికిరాదు. తాళాలున్న జేబులో విడి సెల్లు వేసుకోకూడదు.

ఇక్కడి చట్టంలో ట్యాంకు 2 మిల్లీలీటర్లకు, నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించకూడదు. అది రెండింటికీ ఒకటే. 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌ల అమ్మకం ఆగాక, నింపుకునే ట్యాంకులకు కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళకు చెప్పేదొకటే: మూణ్ణెల్లు కంపెనీ కాయిల్ వాడండి, ఖర్చు కుడుతున్నప్పుడు ఆర్‌టీఏ కొనండి. చేతులు వణికేవాళ్ళూ, ఓపిక లేనివాళ్ళూ, ఓమ్ లెక్క వేయడం ఇష్టం లేనివాళ్ళూ అసలు మారక్కర్లేదు.

పోయినసారి ఊరికి బయల్దేరుతుంటే హైదరాబాద్ నుంచి మా బావమరిది ఫోను: "బావా, వచ్చేటప్పుడు నాకూ ఒకటి పట్రా." కుదరదన్నాను. 2019 చట్టం ప్రకారం ఇండియాలో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రచారం అన్నీ నిషేధం. మొదటి తప్పుకే ఏడాది జైలు లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నాదీ ఇంట్లోనే వదిలి విమానమెక్కాను.

చుట్టడంలో దాచకూడని నష్టం ఇంకొకటుంది. మానడానికి పట్టినది కాస్తా సరదా అయి కూచుంది. కొత్త వైరు, కొత్త చుట్టు అంటూ ఏకు మేకైంది. కంపెనీ కాయిళ్ళతో ఉన్న మా రూమ్మేట్ విసుగొచ్చి నా కంటే ముందే నికోటిన్ సున్నాకు దించాడు. నేను 12 నుంచి 3 మిల్లీగ్రాములకు వచ్చాను. వైరు చుట్టలో ఇంకా సగం పైనే ఉంది.