పన్నెండేళ్లు మాతో మెలిగిన ప్రయాణపు వస్తువులు

పన్నెండేళ్ల క్రితం ఈ ఇంట్లో చేరినప్పుడు, ముందుగదిని మేము తిరిగిన ఊళ్ల నుంచి తెచ్చుకున్న వస్తువులతోనే అమర్చుకోవాలని నిర్ణయించుకున్నాం. తుర్కియే నుంచి ఒక కిలీమ్ (నేల మీద పరిచే ఉన్ని నేత), మొరాకో నుంచి ఇత్తడి లాంతరు, తోలు పూఫ్ (కూర్చునే మెత్తటి పీట), జపాన్ నుంచి గుమ్మానికి వేలాడదీసే నీలి తెర, బాలి నుంచి చెక్క ముసుగు ఒక్కొక్కటిగా వచ్చి చేరాయి. వెలితిగా కనిపించిన చోట్లలో, ఎక్కడికీ వెళ్లకుండానే దొరికే ‘ప్రయాణ శైలి’ సరుకు కూడా కొంత కొని పెట్టాం. ఇంతకాలం వాడిన తరువాత నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. ఇంట్లో ఏదో ఒక పని దొరికిన వస్తువే మనదవుతుంది. చూడటానికి మాత్రమే పెట్టినది రెండో ఏడాది నుంచే కంటికి ఆనడం మానేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడినది కిలీమ్. ముడులు వేసి నూగు లేపిన తివాచీలా కాకుండా, పేక (అడ్డ) దారం పడుగును (నిలువు దారాలను) పూర్తిగా కప్పేసేలా నేసిన చదునైన నేత ఇది. అందువల్ల రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఏడాదికోసారి తిరగేసి పరచుకుంటే అరుగుదల రెండు ముఖాలకూ సమంగా పడుతుంది. రంగు మారే చోట నిలువుగా సన్నని సందులు ఉంటాయి. కొత్తలో వాటిని చూసి చిరిగినది అంటగట్టారేమోనని చాలా బాధపడ్డాను. రెండు రంగుల పేకలూ పక్కపక్కనున్న పడుగు దారాల దగ్గర చెరోవైపు వెనుదిరగడం వల్లనే ఆ సందు ఏర్పడుతుందని, అది ఈ నేతకు సహజమని తరువాత తెలుసుకున్నాను. వాటిలో కుర్చీ కాళ్లు తగులుకుంటాయి కనుక, కుర్చీలు తరచూ లాగే చోట దీనిని పరచకపోవడం మంచిది. నున్నటి నేల మీద జారిపోతుంది కూడా. అడుగున జారకుండా పట్టే పలుచని పరుపు వేయక తప్పదు.

నాలుగో ఏడాది సోఫాను జరిపి చూస్తే, దాని కింద ఉన్న మూరెడు మేర ఉన్నిని చిమ్మెట పురుగులు కొట్టేశాయి. పడుగు దారాలు మాత్రం బయటపడి తెల్లగా మిగిలాయి. మేము రోజూ నడిచే భాగంలో ఒక్క చిల్లు కూడా లేదు. చిమ్మెటల లార్వాలు చీకటిగా, కదలిక లేకుండా ఉండే చోటును వెతుక్కుంటాయి. ఉన్నిలోని కెరాటిన్ అనే ప్రోటీన్ వాటికి ఆహారం. కిలీమ్‌ను చుట్టి, గాలి చొరబడని ప్లాస్టిక్ సంచిలో మూసి, సున్నాకు 18 డిగ్రీల దిగువన రెండు వారాలు ఉంచాం. అప్పటి నుంచి నెలకోసారి సోఫాను జరిపి రెండు వైపులా దులుపుతున్నాం, మళ్లీ ఆ బెడద రాలేదు. కొట్టేసిన చోట రఫ్ఫు చేయించాము; రంగు కొంచెం తేడాగానే కనిపిస్తుంది, అయినా దానిని దాచాలని నాకు అనిపించలేదు.

లాంతరు విషయంలో మొదటి ఏడాదంతా నిరాశే. మరాకేష్‌లో దుకాణం గోడల నిండా పరుచుకున్న పూల నీడలు మా ఇంట్లో మసకగా, మరకల్లా పడ్డాయి. లాంతరులో లోపమేమీ లేదు, తప్పంతా బల్బుదే. పాలగాజు ఎల్‌ఈడీ బల్బు తన ఒళ్లంతా వెలుగుతుంది కనుక ప్రతి రంధ్రం నుంచీ వెలుతురు అనేక కోణాలలో వచ్చి నీడ అంచులను చెరిపేస్తుంది. దాని బదులు లోపలి తీగ కనిపించే చిన్న పారదర్శక బల్బును, 2700 కెల్విన్ వెచ్చని వెలుతురుతో, సరిగ్గా మధ్యలో ఉండేలా అమర్చాము. ఆ సాయంత్రం పైకప్పు మీద ఒక్కో రేకు విడివిడిగా కనబడింది. అసలు వైరు నాసిరకంగా ఉన్నందున ఎలక్ట్రీషియన్ చేత కొత్త హోల్డరు, ఎర్త్ తీగ పెట్టించాము. లోహపు ఒడలున్న దీపానికి ఇది తప్పనిసరి అని గట్టిగా చెబుతాను. ఇత్తడి నల్లబడుతుంది, మేము పొడి గుడ్డతో తుడవడమే తప్ప తళతళ కోసం ఆమ్లాలు వాడటం లేదు, ఎందుకంటే అవి ఇత్తడిలోని జింకును లాగేసి అక్కడక్కడ రాగి ఎరుపును బయటపెడతాయి.

పూఫ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఖాళీ తోలు సంచిలా మడతపెట్టి తెచ్చుకోవచ్చు, ఇంటికొచ్చాక పాత బట్టలతో కూరుకోవచ్చు. మొదటి రెండు నెలలూ తోలు వాసన ఘాటుగా ఉంటుంది. రెండేళ్లకోసారి కుంగుతుంది, మళ్లీ కూరాలి. రోజూ ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటున్నారు కనుక నా దృష్టిలో అది నెగ్గింది.

క్యోటో నుంచి తెచ్చిన నోరెన్ మధ్యలో చీలి ఉన్న గుమ్మపు తెర. దానికి అద్దిన నీలిమందు నీటిలో కరగదు. దారం లోపలికి పూర్తిగా ఇంకకుండా పైపైన పట్టుకుని ఉంటుంది కనుక రాపిడికి రాలుతుంది. మొదటి ఏడాది గుమ్మం తెల్ల చట్రానికి నీలి చార పడింది. ఆ తరువాత ఎండ దాని పని అది చేసింది. మ్యూజియంలు వస్త్రాలను సుమారు 50 లక్స్ (వెలుతురు కొలత) మసక వెలుతురులోనే ఎందుకు ఉంచుతాయో, కిటికీ వైపు రెక్క వెలిసి రెండోది ముదురుగా మిగిలినప్పుడు నాకు అర్థమైంది. వెలుతురు చేసే నష్టం పోగవుతూ పోతుందే తప్ప వెనక్కి రాదు. ఇప్పుడు ఆరునెలలకోసారి రెక్కలను అటూ ఇటూ మార్చి వేలాడదీస్తున్నాము.

బాలి ముసుగుకు మాత్రం నేను న్యాయం చేయలేకపోయాను. తేమ గాలిలో చెక్కిన కొయ్య మా పొడి గదిలో, అదీ హీటరు పై గోడకు, ఆరిపోయి నుదుటి నుంచి గడ్డం దాకా పగిలింది. కొయ్య పొడవునా కుంచించుకోవడం చాలా తక్కువ, అడ్డంగానే ఎక్కువ. అందుకే పగులు ఎప్పుడూ పీచు వెంటే నిలువుగా వస్తుంది. ఆరో ఏడాది వెనుక సూదిమొన రంధ్రాల నుంచి పిండిలాంటి పొడి రాలింది, పుచ్చు పట్టిందన్నమాట. రాలిన పొడి కొత్తదైతే పురుగు లోపల ఇంకా బతికే ఉందని అనుమానించాలి. అప్పుడు మిగతా కొయ్య సామాను నుంచి దానిని వెంటనే వేరుచేశాం. ఎప్పుడూ చేత్తో తాకని వస్తువు కావడం వల్లే ఆ పొడిని అంత ఆలస్యంగా గమనించాము.

కొని నింపిన సరుకులో ఒక్కటీ మిగలలేదు. కాన్వాస్ మీద అచ్చేసిన ప్రపంచ పటం, యంత్రంతో పాతబరచిన పెట్టె, ఏ దేశానిదో చెప్పలేని విగ్రహం, అన్నీ మూడేళ్లలోపే ఇల్లు విడిచాయి. అవి విరగలేదు, చెడలేదు. వాటి గురించి అడిగిన అతిథికి చెప్పడానికి మా దగ్గర మాటే లేకపోయింది. లండన్‌లో చిత్రకారుడు లేటన్ ఇంట్లో, 1877లో కట్టడం మొదలుపెట్టిన అరబ్ హాలును చూసినప్పుడు ఈ తేడా నాకు స్పష్టమైంది. డమాస్కస్ వంటి చోట్ల నుంచి సేకరించిన గోడ పలకలను (టైళ్లను) ఆయన చట్రాలలో బిగించి వేలాడదీయలేదు, గోడలకే తాపడం చేయించి మధ్యలో ఫౌంటెన్ పెట్టించాడు. అక్కడ పలక మళ్లీ గోడ పనే చేస్తోంది.

కొనేవారికి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కొన్ని రకాల పగడం, తాబేలు చిప్ప, ఏనుగు దంతం వంటి వాటిని సరిహద్దు దాటించడానికి అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే, 1975 నుంచి అమలులో ఉన్న సైటిస్ ఒప్పందం నిబంధనలు వర్తిస్తాయి. అనుమతి పత్రం లేకుంటే విమానాశ్రయంలోనే వదులుకోవలసి రావచ్చు. రోజ్‌వుడ్ జాతి చెక్క మీద కూడా ఆంక్షలున్నాయి.

మళ్లీ ప్రయాణమైతే నేల మీద పరిచేది, గుమ్మానికి కట్టేది, వెలిగించేది మాత్రమే తెచ్చుకుంటాను. ముసుగును పురుగు పోయిందని నిర్ధారించుకున్నాక పలుచని నూలు గుడ్డలో చుట్టి, హీటరుకు దూరంగా అల్మారాలో ఉంచాను. పగులును అతికించగల వడ్రంగి కోసం ఇంకా వెతుకుతున్నాను.