నల్లగొండలో కుక్కపిల్లల షాపు: 2 స్టార్లే

షాపు శుభ్రంగానే ఉంది, ఓనరు మర్యాదగానే మాట్లాడతాడు. లాబ్రడార్ పిల్లకు 50 రోజులంటాడు. పెదవి ఎత్తి చూస్తే ముందు పాలపళ్లు ఇప్పుడిప్పుడే చిగురు చీలుస్తున్నాయి. నెల దాటడమే కష్టం. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండకుండా అమ్మకూడదు. తోడబుట్టినవాటితో ఆడుతూ ఎంత గట్టిగా కొరకొచ్చో నేర్చుకునే వయసది. అది తప్పితే ఇంట్లో అందరినీ కరుస్తుంది, ఏడాది తిరక్కుండానే హైవే పక్కన దింపేసి పోతారు.

టీకా కార్డులో సంతకముంది, బ్యాచ్ నంబరు స్టిక్కరు లేదు. పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీసే విరేచనాల వైరస్) టీకా 6–8 వారాలకు మొదలై, 3–4 వారాలకోసారి 16 వారాల దాకా పడాలి. తల్లిని చూపించమంటే హైదరాబాద్‌లో ఉందట. ఈ ఊరి ఎండలకు మంచు ప్రాంతాల కుక్క హస్కీని కూడా పెట్టాడు, ఏమనాలి! డాగ్ ఫుడ్, బెల్టు వరకైతే సరే.