హమ్మింగ్‌బర్డ్ ఫీడర్: కొనేముందు కడగడం ఎలాగో చూడండి

అమెరికాలో హోమ్ డిపోలోనో వాల్‌మార్ట్‌లోనో గార్డెన్ సెక్షన్‌కి వెళితే హమ్మింగ్‌బర్డ్ ఫీడర్లు, అంటే ఆ చిన్న పిట్ట తాగడానికి తీపినీళ్ళు పోసి వేలాడదీసేవి, వరసగా పేర్చి ఉంటాయి. ఎర్ర గాజు సీసాలు, రాగిరంగు మూతలు, ప్లాస్టిక్ పూలు. అన్నీ చూడముచ్చటగానే ఉంటాయి. ఆ ముచ్చట మనకే, పిట్టకి దాంతో పనిలేదు. దానికి కావలసింది కాస్త ఎరుపు, మూతి పట్టేంత కన్నం, చెడిపోని తీపినీళ్ళు. మూడోదే అసలు చిక్కు. ఎండాకాలంలో రెండ్రోజులకోసారి విప్పి కడగాల్సిన వస్తువిది. అందుకని డబ్బా మీది బొమ్మ చూసి కాకుండా, ఎన్ని ముక్కలుగా ఊడుతుంది, ప్రతి మూలకీ వేలో బ్రష్షో పోతుందా అని చూసి కొనాలి. కడగడానికి బద్ధకం పుట్టించే ఫీడర్ ఎంత ఖరీదైనా దండగే.

రకాలు చాలా కనిపించినా నిర్మాణం రెండే: అడుగున పళ్ళెంలా ఉండి పైన మూత ఉండేది ఒకటి, సీసాని తలకిందులుగా వేలాడదీసేది ఇంకోటి.

పళ్ళెం రకంలో ఆస్పెక్ట్స్ కంపెనీ హమ్‌జింగర్ హైవ్యూ, 12 ఔన్సులది, నా లెక్కలో ముందు వరసలో ఉంటుంది. కింద పారదర్శకమైన పాలీకార్బొనేట్ గిన్నె, పైన ఎర్ర మూత, మూత మీద నాలుగు కన్నాలు. మూత లాగితే ఊడొస్తుంది, అంతే, లోపల మరలూ గొట్టాలూ లేవు. గిన్నె నున్నగా ఉంటుంది కాబట్టి మామూలు స్పాంజితో ఒక్క చుట్టు తిప్పితే శుభ్రం. కన్నాల చుట్టూ పూరేకుల్లా ఎత్తు చేసిన అంచు ఉంటుంది, వానచుక్క లోపలికి పోకుండా. పిట్ట కూర్చునే కమ్మీ మామూలు ఫీడర్లలో కన్నా ఎత్తుగా ఉంటుంది. మన ఊళ్ళలో మందారం మీద వాలే తేనెపిట్ట కొమ్మని పట్టుకుని తాగుతుంది. హమ్మింగ్‌బర్డ్ గాల్లో నిలబడి తాగగలదు, కానీ కమ్మీ ఉంటే కూర్చుంటుంది, కూర్చుంటే ఎక్కువసేపు ఉంటుంది, కిటికీలోంచి పిల్లలకి చూపించడానికి వీలవుతుంది. మూత నడుమ, వేలాడదీసే కడ్డీ చుట్టూ, నీళ్ళు పోసుకునే చిన్న గుంట ఉంది. చీమలకి అదే అడ్డుకట్ట.

లోపాలు లేకపోలేదు. కొత్తలో మూత బిగువుగా ఉంటుంది, సింకులో పెట్టి రెండు చేతులా తీయాలి. నిండా పోసి మోసుకెళితే కన్నాల్లోంచి చింది చేతులు జిగటవుతాయి. గాలి ఎక్కువగా వీచే పెరట్లో ఊగి ఒలుకుతుంది. సగం పోసి వేలాడదీస్తే ఈ రెండు బాధలూ తగ్గుతాయి. ఇదే వరసలో 8 ఔన్సుల మినీ కూడా ఉంది. అపార్ట్‌మెంట్ బాల్కనీకి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అది చాలు.

సీసా రకంలో ఫస్ట్ నేచర్ వాళ్ళ 32 ఔన్సుల ఫీడర్ చౌకలో మంచిది. పది కన్నాలు. సీసా మూతి వెడల్పు, బ్రష్ తిన్నగా అడుగుదాకా పోతుంది. కింది ఎర్ర భాగం రెండు ముక్కలుగా విడిపోతుంది, అందుకే దీన్ని మెచ్చుకోవాలి. చాలా సీసా ఫీడర్లలో ఆ భాగం అతికించేసి ఉంటుంది, లోపల ఏం పేరుకుందో కంటికి కనబడదు. కానీ 32 ఔన్సులంటే దాదాపు 950 మిల్లీలీటర్లు. తూనికలో మూడు గ్రాములుండే పిట్ట ఎంత తాగినా రోజుకి చెంచాల లెక్కే. ఇంటికి రెండు మూడు పిట్టలొచ్చేచోట ఇంత పోస్తే ముప్పాతిక సింకు పాలు. సెప్టెంబరులో టెక్సస్ గల్ఫ్ తీరంలో, రాక్‌పోర్ట్ చుట్టుపక్కల్లాగా గుంపులు గుంపులుగా దిగేచోట అయితే ఈ సైజు అక్కరకొస్తుంది. మిగతావాళ్ళు ఇందులోనే 16 ఔన్సులది చూడొచ్చు.

తలకిందుల సీసాలన్నిటికీ ఒక సహజమైన జబ్బుంది: కారడం. లోపలి నీళ్ళని నిలిపి ఉంచేది పైన ఖాళీలో ఉన్న గాలి తక్కువ పీడనం. ఎండ తగిలి ఆ గాలి వేడెక్కి వ్యాకోచిస్తే, తీపినీళ్ళని కన్నాల్లోంచి బయటికి నెడుతుంది. సీసా సగం ఖాళీ అయిందంటే గాలి ఎక్కువ, కారడమూ ఎక్కువ. పొద్దున బాగానే ఉండి మధ్యాహ్నం మూడింటికి టపటపా కారుతోందంటే ఫీడర్ పగిలిందని పారేయకండి, ముందు నీడలోకి మార్చి చూడండి. నీడలోనూ కారితే అప్పుడు రబ్బరు వాషర్ చూడాలి, మెలిక తిరిగో పగుళ్ళిచ్చో ఉంటుంది. కారిన చుక్క వెంటే చీమ, చీమ వెనకే కందిరీగ.

ఇక రంగురంగుల గాజు సీసాకి రబ్బరు బిరడా, అందులోంచి వంకర స్టీలు గొట్టం ఉండే రకం. బహుమతిగా తెగ ఇస్తుంటారు. సన్నటి మెడ, బ్రష్ పోదు. గొట్టం లోపల ఏముందో దేవుడికే ఎరుక. గాలికి ఊగినప్పుడల్లా కారుతుంది. వరండాలో అలంకారానికి ఖాళీగా వేలాడదీసుకోండి, తీపినీళ్ళు మాత్రం పోయకండి. కెమెరా ఉన్న స్మార్ట్ ఫీడర్లు కొనేవాళ్ళకి ఒక్క మాట: కెమెరా వేరుగా ఊడి, తీపినీళ్ళ గిన్నె మొత్తంగా నీళ్ళ కింద పెట్టి కడగడానికి వీలైతేనే తీసుకోండి. వీడియో బావుందని గిన్నె సంగతి మరిచిపోతారు.

తీపినీళ్ళకి కొలత ఒకటే. ఒక వంతు తెల్ల పంచదారకి నాలుగు వంతుల నీళ్ళు. కప్పు నీళ్ళలో పావు కప్పు పంచదార కలిపితే దాదాపు 9 ఔన్సులొస్తుంది. హైవ్యూలో సగందాకా పోయగా ఇంకా మిగులుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో కలిపితే ఇట్టే కరుగుతుంది, మరిగించి తీరాలనేం లేదు. పిట్ట మొదటిసారి మూతి పెట్టగానే సూక్ష్మజీవులు ఎలాగూ చేరతాయి. ఎక్కువ చేసి ఫ్రిజ్‌లో దాచేవాళ్ళు మరిగించి, పూర్తిగా చల్లార్చి, మూతున్న గాజు సీసాలో పెడితే వారం దాకా ఢోకా లేదు.

మన వంటిళ్ళలో జరిగే పొరపాటు వేరే ఉంది. ఒంటికి మంచిదని బెల్లమో బ్రౌన్ షుగరో వేస్తారు. వాటిలోని మొలాసిస్‌లో (చెరకు మడ్డిలో) ఇనుము ఎక్కువ, ఈ పిట్టలకది హాని. పెద్ద సంచుల్లో వచ్చే ఆర్గానిక్ కేన్ షుగర్ కూడా, లేత గోధుమరంగులో ఉందంటే మొలాసిస్ పూర్తిగా పోలేదన్నమాట, పనికిరాదు. తేనె త్వరగా పులిసి బూజు పడుతుంది. పౌడర్ షుగర్‌లో మొక్కజొన్న పిండి కలుస్తుంది. స్టీవియా లాంటి వాటితో పిట్టకి శక్తే రాదు. సాదాసీదా తెల్ల పంచదార, చౌకది, అదే అన్నిటికన్నా మంచిది. ఎర్రరంగు పొడి కలిపిన రెడీమేడ్ ప్యాకెట్లు కొనడం శుద్ధ దండగ. ఫీడర్ ఎర్రగా ఉంటే చాలు, లోపలి నీళ్ళు ఎర్రగా ఉండక్కర్లేదు.

ఎన్నాళ్ళకోసారి మార్చాలన్నది ఎండని బట్టి. ఫారెన్‌హీట్‌లో 70ల్లో ఉంటే నాలుగైదు రోజులు ఆగొచ్చు. 80లు దాటితే రెండ్రోజులు. డాలస్, ఫీనిక్స్ లాంటిచోట్ల 95, 100 ఫారెన్‌హీట్ కొట్టే రోజుల్లో రోజూ మార్చాల్సిందే. తారీకు లెక్క కన్నా కన్ను నమ్మండి. నీళ్ళు కాస్త మబ్బుగా మారాయా, దారాల్లాంటి తెల్లటి పోగులు తేలుతున్నాయా, మూత తీయగానే పులిసిన వాసన కొడుతోందా, పారబోయండి. మిగిలినదాని మీదే కొత్తది పోయడం మాత్రం ఎప్పుడూ వద్దు, పులుపు దానికీ అంటుకుంటుంది.

మార్చిన ప్రతిసారీ వేడినీళ్ళూ బ్రష్షూ చాలు. వారానికోసారి మాత్రం తెల్ల వెనిగర్ ఒక వంతు, నీళ్ళు నాలుగు వంతులు కలిపి, ముక్కలన్నీ విప్పి అరగంట నుంచి గంట నానబెట్టాలి. ఆ తర్వాత అసలు పని కన్నాల్లో. మూతని తిరగేసి వెలుతురుకి పట్టండి. కన్నం లోపలి గోడ మీద, అంచు కలిసే గీత దగ్గర, మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అది బూజు. స్పాంజి అక్కడికి పోదు. ఫీడర్లతో వచ్చే సన్నటి పోర్ట్ బ్రష్ గానీ, పిల్లల క్రాఫ్ట్ డబ్బాలో ఉండే పైప్ క్లీనర్ గానీ దూర్చి, తిప్పుతూ లాగితే నల్లగా ఊడొస్తుంది. తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి లాగండి. అప్పటికీ వదలని మొండి బూజుకి గాలన్ నీళ్ళలో పావు కప్పు బ్లీచ్ కలిపి గంట నానబెట్టి, ధారగా పడే నీళ్ళ కింద బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. వెనిగర్, బ్లీచ్ రెండూ ఒకేసారి ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

చీమలకి గుంటలో నీళ్ళు చాలు. సమస్యల్లా ఎండకి ఆ గుంట సాయంత్రానికల్లా ఎండిపోవడం, అప్పుడు చీమలు బారులు తీరతాయి. ఫీడర్ నింపినప్పుడే కాక రోజూ ఓసారి గుంట చూడాలి. గుంట లేని ఫీడర్‌కి విడిగా అమ్మే యాంట్ మోట్ కొని పైన తగిలించుకోవచ్చు. కడ్డీకి వేజలిన్, వంటనూనె పూయమనే చిట్కా చాలాచోట్ల తిరుగుతోంది, పాటించకండి. ఈకలకి అంటుకుంటే పిట్ట శుభ్రం చేసుకోలేదు. చీమల మందు సంగతి సరేసరి, ఫీడర్ దరిదాపుల్లో చల్లొద్దు. తేనెటీగలకి పళ్ళెం రకమే మందు: నీళ్ళమట్టం కన్నానికి కిందుగా ఉంటే పిట్ట నాలుక అందుతుంది, ఈగ నాలుక అందదు. అంచుదాకా నింపితే ఆ లాభం పోతుంది. పసుపుపచ్చ పూలున్న ఫీడర్లు ఈగల్ని పిలిచి మరీ కూర్చోబెడతాయి, ఆ పూలు ఊడేవైతే తీసేయండి. కందిరీగలు విడవకపోతే ఫీడర్‌ని ఒక రోజు దించి, నాలుగైదు గజాల అవతల పెట్టి చూడండి.

పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే చోటు వేలాడదీయడానికి అనువు. కిటికీకి మూడడుగుల లోపైనా ఉండాలి, ముప్ఫై అడుగుల అవతలైనా ఉండాలి. మధ్యలో పెడితే పిట్ట వేగంగా ఎగిరి అద్దానికి గుద్దుకుంటుంది. మూడడుగుల లోపయితే గుద్దుకునేంత వేగం అందుకోదు. ప్రేయింగ్ మాంటిస్ అనే పురుగు ఫీడర్ మీద కాపుకాసి ఈ చిన్న పిట్టల్ని పట్టుకుంటుంది, నమ్మశక్యంగా లేకపోయినా నిజం. కనిపిస్తే పుల్లతో తీసి దూరంగా చెట్టు మీద వదలండి. న్యూజెర్సీ ఉత్తర భాగంలాగా ఎలుగుబంట్లు తిరిగేచోట రాత్రిళ్ళు ఫీడర్ ఇంట్లోకి తెచ్చుకోవడం తప్పదు. ఫీడర్ కోసం ఇనుప స్తంభం పాతేముందు హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) నిబంధనలు ఒకసారి చూసుకోండి.

ఒక మగపిట్ట ఫీడర్‌ని సొంతం చేసుకుని మిగతావాటిని తరిమేయడం రోజూ చూసే గొడవే. దీనికి పెద్ద ఫీడర్ మందు కాదు. రెండు చిన్నవి కొని, ఒకటి పెరట్లో, ఇంకోటి ఇంటి మూల దాటాక పక్కవైపు, ఒకదాని దగ్గర కూర్చుంటే రెండోది కనబడకుండా పెట్టండి. ఒక 32 ఔన్సుల సీసా కన్నా రెండు 8 ఔన్సుల పళ్ళాలు మేలనడానికి ఇదొక కారణం.

కాలం సంగతి ఊరిని బట్టి. హ్యూస్టన్‌లో మార్చి మొదట్లో, డాలస్, అట్లాంటాల్లో మార్చి మధ్యలో, న్యూజెర్సీలో ఏప్రిల్ మధ్యకల్లా ఫీడర్ సిద్ధంగా ఉండాలి. తూర్పున వచ్చేది రూబీ త్రోటెడ్ అనే హమ్మింగ్‌బర్డ్ రకం. డాలస్ వైపు దాంతోపాటు బ్లాక్ చిన్డ్ కూడా. ఫీడర్ ఉంచితే పిట్ట వలస మానేస్తుందన్న భయం అక్కర్లేదు. పగటిపొద్దు తగ్గుతుంటే దానికే తెలుస్తుంది, వెళ్ళిపోతుంది. ఆఖరి పిట్ట కనిపించాక ఇంకో రెండు వారాలు ఉంచితే వెనకబడ్డవాటికి పనికొస్తుంది. బే ఏరియాలో, సియాటిల్‌లో అయితే యానాస్ హమ్మింగ్‌బర్డ్ ఏడాది పొడుగునా ఉంటుంది. 32 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా కాస్త కిందికి దిగితే తీపినీళ్ళు గడ్డకట్టడం మొదలవుతుంది. రాత్రి లోపల పెట్టి తెల్లవారకముందే బయట పెట్టాలి, ఎందుకంటే రాత్రంతా చలికి ఒళ్ళు చల్లబరుచుకుని మొద్దుగా ఉండే పిట్టకి పొద్దున్నే శక్తి కావాలి. పంచదార పాళ్ళు పెంచితే గడ్డకట్టదన్న ఆశతో చిక్కగా కలపొద్దు.

వేసవి సెలవులకి నెలరోజులు ఇండియా వెళ్ళేవాళ్ళు వెళ్ళేముందు నిండా పోసి వదిలేస్తుంటారు. అది మూడోరోజుకే పులుస్తుంది, నెలంతా బూజు పెంచుతుంది. పక్కింటివాళ్ళు రెండ్రోజులకోసారి కడిగి నింపుతామంటే సరే. లేదంటే దించి, విప్పి, కడిగి, ఆరబెట్టి గరాజ్‌లో పెట్టి వెళ్ళండి. పిట్టలు పూల మీదా చిన్న పురుగుల మీదా బతుకుతాయి, మీ ఫీడర్ ఒక్కటే వాటికి ఆధారం కాదు. పెరట్లో కోరల్ హనీసకిల్ తీగో, టెక్సస్‌లో అయితే టర్క్స్ క్యాప్ మొక్కో వేసి ఉంచితే మీరు లేని నెలలోనూ వచ్చిపోతుంటాయి.